ముందు శబ్దం చెయ్

మేస్త్రీ షెడ్డులో ఒకటే రూలు. బండి తెచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, జబ్బు పేరు చెప్పకూడదు. "టాపెట్లు పోయాయండీ", "బేరింగు అరిగిందనుకుంటా" అని ఎవరైనా నోరు తెరిచారంటే మేస్త్రీ చేతిలోని పానా బల్ల మీద ఠపీమని పడుతుంది. "అన్నీ నీకే తెలిస్తే నా దగ్గరికెందుకయ్యా? ఇంటికెళ్లి నువ్వే విప్పుకో" అని రోడ్డు చూపిస్తాడు. బండి ఎలా మోగుతోందో నోటితో చేసి చూపించాలి. ఆ తర్వాతే బోనెట్టు లేస్తుంది.

పేరు ఎవడి నోట్లోంచైనా ఊడిపడుతుంది, శబ్దం మాత్రం విన్నవాడికే వస్తుందని అతని వాదన. అందుకని ఆ షెడ్డు ముందు పెద్దపెద్దవాళ్లు కూడా పరువు పక్కన పెట్టక తప్పేది కాదు. ఒక వకీలుగారు నల్లకోటు విప్పి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని 'కువ్వు... కువ్వు...' అని కోయిలలా కూసి, ఫ్యాను బెల్టు మార్పించుకుని వెళ్లాడు. ఒక లావుపాటి కాంట్రాక్టరు బుగ్గలు పూరించి 'లొడ లొడ లొడ' అంటుంటే ఎదురు కొట్లో జనం నవ్వలేక చచ్చారు. మేస్త్రీ మాత్రం నవ్వడు. ఆ మొహానికి ఆ అలవాటు లేదు. కళ్లు మూసుకుని వింటాడు. "ఇంకోసారి" అంటాడు. అంతే.

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే అతనికి ఒళ్లంతా ఉంటుంది. వైరు గుచ్చి కంప్యూటర్లో బండి నాడి చూసే కొత్త షెడ్ల మీద కోపం. ఆయిలు మార్చకుండా దేవుడి మీద భారం వేసి తిరిగేవాళ్ల మీద కోపం. వాన పడితే సరిగ్గా తన నెత్తి మీదే కారే రేకుల మీద కోపం. అన్నిటికంటే ఎక్కువ కోపం బావ మీద.

బావ అంటే అక్క మొగుడు. వాళ్లది లాండ్రీ. ఆస్పత్రి దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు తెచ్చి ఉతికి పంపుతారు. ఉతుకూ ఇస్త్రీ బావ పని, బండి అక్క పని. బావకి బండి నడపడం రాదు. ఒకప్పుడు మేస్త్రీ నేర్పబోతే, ఎదురుగా లారీ రాగానే బ్రేకు తొక్కడానికి బదులు కళ్లు మూసుకున్నాడు. అక్క అలా కాదు. లాండ్రీ పాత వ్యానులోనే తమ్ముడి దగ్గర నేర్చుకుని, నేర్పినవాణ్ణి మించిపోయింది. పొద్దున్నే మూటలు ఎక్కించుకుని, కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి ఆమె బయల్దేరుతుంటే వీధిలో అందరికీ టైము తెలిసేది. "ఆవిరి గదిలో నిలబడితే నా ప్రాణం ఉడికిపోతుందిరా. ఈ సీట్లో కూర్చుంటేనే నేను మనిషిని" అని ఎన్నోసార్లు అంది. ఆ మాట మేస్త్రీ మనసులో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. ఆ ఇంజను మొత్తం విప్పి, తన చేతులతో మళ్లీ కట్టింది కూడా అతనే.

ఆ రోజు ఉదయం ఆ వ్యానే వచ్చి షెడ్డులో ఆగింది. అక్క ఇంకా సీట్లోంచి దిగకముందే బావ అటుపక్కనుంచి దిగి వచ్చాడు. చొక్కాకి మడత నలగలేదు, మనిషి మాత్రం నలిగిపోయి ఉన్నాడు.

"ఇంజను పోయింది బామ్మర్దీ" అన్నాడు. "కింద బేరింగు కొట్టేసింది. టిక్కు టిక్కుమని ఒకటే మోత. సాయంత్రం తుక్కాయన్ని రమ్మన్నాను. నువ్వు కూడా ఒకసారి చూసి అవునంటే ఇచ్చేద్దాం."

పానా బల్ల మీద పడింది.

"ఎవడు చెప్పాడు?"

"చౌరస్తా అవతలి షెడ్డువాళ్లు."

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన చేత్తో కట్టిన ఇంజను. తన అక్క బండి. దాన్ని ఎవడో చౌరస్తావాడికి చూపించి, వాడు చచ్చిందంటే సరేనని తుక్కువాడికి కబురు పెట్టి, తీరా పాడె ఎత్తేముందు సొంత బామ్మర్దిని సాక్షి సంతకం పెట్టమన్నట్టు తీసుకొచ్చాడు.

"నేను బతికే ఉన్నాను కదా బావా? ఈ షెడ్డు నీకు కనపడలేదా? సందు చివరే కదా!"

"కోప్పడకు. ఏదో దారిలో ఉందని..."

"ముందు శబ్దం చెయ్."

బావ బిక్కమొహం వేశాడు. ఇన్నేళ్లలో అతనికి ఈ పరీక్ష ఎదురుకాలేదు. బండి ఎప్పుడూ అక్కే తెచ్చేది. గొంతు తడుపుకుని "ఠక్... ఠక్..." అన్నాడు.

"ఇంకోసారి."

"ఠిక్... ఠక్..."

"ఇందాక ఠక్ అన్నావు, ఇప్పుడు ఠిక్ అంటున్నావు. ఇంజను మాట మార్చిందా, నువ్వు మార్చావా?"

ఈలోగా అక్క దిగి వచ్చింది. ఆమె గొంతు ఎప్పుడూ నాలుగిళ్లకి వినపడేదే, ఈమధ్య ఇంకో రెండిళ్లు పెరిగింది. "శబ్దమూ లేదు, నా తలకాయా లేదురా! మీ బావ చెవిలో ఏ పురుగో దూరింది. నా బండి పువ్వులా ఉంది. రోజూ నడిపేదాన్ని, నాకు తెలీదా?"

"నువ్వు చేసి చూపించక్కా" అనబోయి మేస్త్రీ ఆగిపోయాడు. శబ్దమే లేదంటున్న మనిషిని ఏం చెయ్యమంటాడు? పైగా అక్క. రూలు బయటివాళ్లకి. "నువ్వు కూర్చో" అని స్టూలు లాగి, తను బోనెట్టు ఎత్తాడు.

ఇంజను తిరుగుతోంది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. బావ చెప్పినట్టు ఠక్కూ కాదు, అక్క చెప్పినట్టు నిశ్శబ్దమూ కాదు. సన్నగా, గోడ వెనక ఎవరో నాలుకతో చప్పరిస్తున్నట్టు 'టిచ్ టిచ్ టిచ్' అని ఏదో ఉంది. యాక్సిలరేటరు పెంచితే అదీ తొందరపడుతోంది.

"ఉంది" అన్నాడు. బావ మొహంలో ఏదో వెలిగింది. అది చూసి మేస్త్రీకి ఇంకా మండింది. పెళ్లాం బండిలో జబ్బు ఉందంటే సంతోషించేవాడు కూడా ఉంటాడా?

గోడకి వేలాడుతున్న చువ్వ తీశాడు. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉండే ఇనుప చువ్వ, ఒక కొసకి గుండ్రటి చెక్క పిడి. ఇనుప కొసని ఇంజనుకి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి నొక్కితే లోపల జరిగేదంతా తలకాయలో మోగుతుంది. వ్యాను కిందకి దూరి, ఆయిలు తొట్టికి ఆనించాడు. బేరింగు పోతే అక్కడ సమ్మెట దెబ్బలు పడాలి. పడటం లేదు. మెత్తటి గుయ్యిమనే తిరుగుడు తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చి ఇంజను పైభాగంలోని హెడ్డుకి ఆనించాడు. చువ్వలోంచి ఇంజను చప్పుళ్లన్నీ గుంపుగా వచ్చాయి కానీ, ఆ చప్పరింత మాత్రం రాలేదు. చువ్వ తీసేస్తే చెవికి వినపడుతోంది. పెడితే పోతోంది.

"గాలిలో ఉంది, ఇనుములో లేదు" అని గొణుక్కున్నాడు.

"అంటే?" అన్నాడు బావ.

"అంటే నీ చౌరస్తా షెడ్డువాడికి చెవుల బదులు చిల్లులున్నాయని. బండి ఆపక్కా! చల్లారాలి."

అక్క ఎదురుగోడ మీది క్యాలెండరు చూస్తోంది. బావ వెళ్లి ఆమె భుజం తట్టి, తాళం తిప్పమన్నట్టు చెయ్యి తిప్పాడు. అప్పుడు లేచి వెళ్లి ఆపింది. అక్కకి బండి ఆపడం ఇష్టం లేదేమో, అందుకే విననట్టు కూర్చుందనుకున్నాడు మేస్త్రీ.

ఇంజను చల్లారేదాకా పని లేదు. పని లేకపోతే మేస్త్రీ కోపం ఊరుకోదు. బావే దానికి దారి చూపించాడు. పాత టైర్ల గుట్ట వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, "ఒక్క మాట. పోయిందని చెప్పెయ్" అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు చెబితే నమ్ముతుంది. ఇంకెవరు చెప్పినా నమ్మదు. బాగుచెయ్యడం కుదరదు, నడిపితే ప్రమాదం అని ఒక్క ముక్క అను. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఈ షెడ్డు పెట్టినప్పటినుంచీ మేస్త్రీ పోని దాన్ని పోయిందనలేదు. తలలు పండిన సేట్లు వచ్చి, బీమా కోసం ఒక్క అబద్ధం చెప్పమంటే వెళ్లగొట్టాడు. ఇప్పుడు సొంత బావ వచ్చి, సొంత అక్కకి అబద్ధం చెప్పమంటున్నాడు.

"ఎందుకు?"

బావ తల దించుకున్నాడు. "అది నన్నడక్కు."

"నేను చెప్పనా? నీకు చేతకాని పని నీ పెళ్లాం చేస్తోంది. ఆవిడ స్టీరింగు పట్టుకుని వెళ్తుంటే, పక్క సీట్లో మూట పట్టుకుని కూర్చోవడం నీకు నామోషీ. తెచ్చి ఆవిరి గదిలో కట్టేద్దామని చూస్తున్నావు. ఆ మెతక వేషం వెనక ఇంత ఉందా బావా?"

"నువ్వేమైనా అనుకో."

"అనుకోవడం కాదు, అంటున్నాను. మొహం మీదే అంటున్నాను! ఇస్త్రీ పెట్టె తప్ప ఇంకేదీ పట్టుకోవడం రాని మనిషివి, నువ్వు..."

"ఏంట్రా గుసగుసలు?" అని అక్క అటునుంచి కేకేసింది. "నా మొహం కనపడేచోట మాట్లాడుకోండి!"

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. బావ వెళ్లి షెడ్డు గుమ్మం దగ్గర, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి చూస్తే భుజాలు జారిపోయిన చొక్కా హ్యాంగరులా ఉన్నాడు. జాలి పడాల్సిందే. మేస్త్రీకి జాలి వెయ్యలేదు.

ఇంజను చేతికి చల్లగా తగిలాక మళ్లీ స్టార్టు చేశాడు. ఈసారి వెతుక్కోనక్కర్లేకపోయింది. 'టిచ్ టిచ్ టిచ్' అని కసిరినట్టు మోగింది. మేస్త్రీ పాత గుడ్డ ఉండచేసి వెనకాల సైలెన్సరు గొట్టానికి అడ్డంపెట్టి, కొంచెంసేపు నొక్కి పట్టుకున్నాడు. పొగకి దారి మూసుకుపోగానే ముందు చప్పరింత రెట్టింపైంది. గుడ్డ పారేసి ముందుకి పరుగెత్తాడు. ఇంజను పక్కన పొగ గొట్టాలన్నీ కలిసేచోట, అంటకుండా అరచెయ్యి చాపి, ఒక్కో గొట్టం ముందూ ఆగి చూశాడు. మొదటిదాని దగ్గర వేడిగాలి పుక్కిలించి ఊదినట్టు అరచేతిని కొట్టింది. టార్చి వేస్తే ఇనుము మీద కాటుక గీసినట్టు నల్లటి మసి చార.

"ఇదిగో నీ చచ్చిన ఇంజను!" అని షెడ్డు అదిరేట్టు అరిచాడు. "ప్యాకింగు కాలింది! బోల్టు వదులై, గొట్టానికీ ఇంజనుకీ మధ్య ప్యాకింగు కాలి, సందులోంచి పొగ చిమ్ముతోంది! వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది, చల్లారితే మళ్లీ తెరుచుకుంటుంది. ఇంతే! దీనికి తుక్కువాడా? దీనికి శవయాత్రా?"

బావ కదల్లేదు. అక్క తమ్ముడి మొహం చూసి, చేతులు చూసి, విషయం అర్థమై లేచి నిలబడింది. "నేను చెప్పలా? నా బండి పువ్వు!" అని మొగుణ్ణి చూసి చెయ్యి ఊపింది.

మేస్త్రీ ఆ ప్యాకింగు మార్చినంత కసిగా ఇంకేదీ మార్చి ఉండడు. ఒక్కో నట్టూ విప్పుతూ చౌరస్తా షెడ్డువాణ్ణి తిట్టాడు. మసి గీకుతూ బావని తిట్టాడు. కొత్త ప్యాకింగు పెట్టి బిగిస్తూ, ఇద్దర్నీ కలిపి తిట్టాడు. సాయంత్రం తుక్కాయన వచ్చినప్పుడు వాడి ముందే ఇంజను మోగించి చూపించాలి. అక్క అటునుంచి అటే బండి తోలుకుపోవాలి. బావ నడిచి రావాలి. ఈ బొమ్మ కళ్ల ముందు కట్టుకుని పని ముగించేసరికి సాయంత్రమైంది.

స్టార్టు చేస్తే చప్పరింత లేదు. అతనికి అది చాలు. మామూలుగా అయితే ఏ పనైనా అయ్యాక చువ్వతో ఇంజనంతా మరోసారి వింటాడు. ఆ రోజు వినలేదు. గెలిచిన తొందరలో ఉన్నాడు.

అక్క అప్పటికే ఎక్కి కూర్చుంది. మేస్త్రీ చువ్వ చేతిలో పట్టుకునే వెనక్కి వెళ్లాడు. సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చుని, పొగ సమంగా వస్తోందో లేదో అరచేత్తో చూసుకోవడం ఆఖరి పని. "అక్కా, గేరు వెయ్యకు, అలాగే ఉంచు!" అని కేకేశాడు.

గేరు పడిన చప్పుడు.

"అక్కా! ఆగు!"

వ్యాను వెనక్కి కదిలింది. బంపరు భుజానికి కొట్టింది. మేస్త్రీ పక్కకి దొర్లాడు. చేతిలోని చువ్వ జారి చక్రం కింద పడి కరకరలాడింది. "ఆగు! ఆగవే!" అని గొంతు చించుకుంటున్నాడు. వ్యాను ఆగడం లేదు. అప్పుడు కనిపించాడు బావ. ఇంకెవరైనా అయితే కిటికీ దగ్గరికి పరుగెత్తి అరుస్తారు. అతను అరవలేదు. గుమ్మం దగ్గర్నుంచి వ్యాను పక్కగా ఉరికి దాని ముందుకి, ఆమె కళ్ల ముందుకి దూకి, రెండు చేతులూ పైకెత్తి బోనెట్టు మీద దబదబా బాదాడు. అలవాటైన పనిలా చేశాడు.

వ్యాను ఆగింది.

మేస్త్రీ లేచాడు. భుజం మండుతోంది. కిటికీ దగ్గరికి ఒక్క ఉరుకులో వెళ్లి, "చెవుడా నీకు? ఇంత గొంతేసుకుని అరుస్తుంటే వినపడదా? చంపేద్దామనుకున్నావా?" అని విరుచుకుపడ్డాడు.

అక్క అతని పెదాలకేసి చూసింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

"అరవకు" అన్నాడు బావ. "అరిచినా వినపడదు."

మేస్త్రీ కిటికీ వదిలి బావ దగ్గరికి వచ్చాడు.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లనుంచీ తగ్గుతోంది. ఈమధ్య మరీ. ఫోను నాకిచ్చేస్తుంది. ఎవరైనా మాట్లాడితే నోళ్లు చూస్తుంది. మొన్న పక్కనే సైకిలు పిల్లాడు బెల్లు కొడుతూనే ఉన్నాడు, అయినా అటే తిప్పింది. నేను స్టీరింగు లాగాను కాబట్టి వాడు బతికాడు. నడపొద్దంటే కొట్టినంత పని చేసింది. నీకు చెబుతానంటే చచ్చినంత ఒట్టు పెట్టింది." బావ ఊపిరి తీసుకున్నాడు. "ఏ చౌరస్తా షెడ్డుకీ వెళ్లలేదు. ఎవడూ ఏమీ చెప్పలేదు. టిక్కుమని మోగుతుంటే నాకే తోచింది. బండే లేకపోతే ఆ గొడవే ఉండదని."

మేస్త్రీకి కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పొద్దున్నుంచీ బావ మీద పోసిందంతా వెనక్కి తీసుకోవాలి. తీసుకుని ఎక్కడ పెట్టాలి? బావ మీద ఇంకా కోపంగానే ఉంది, ఈసారి ఇంకో కారణానికి. "అయితే ఆ ముక్క నాకు చెప్పి ఏడవొచ్చు కదా! టైర్ల వెనక నుంచోబెట్టి కాళ్లు పట్టుకుంటాననే బదులు! నేను చేజేతులా బాగుచేసి, తాళం ఆవిడ చేతిలో పెట్టేదాకా నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు నన్ను మాట్లాడనిచ్చావా?"

అది నిజం. నిజం కాబట్టి ఇంకా మండింది.

అక్క ఇంజను ఆపి దిగింది. తలుపు దభీమని వేసింది. ఇద్దరి మధ్యకి వచ్చి, ఇద్దరి మొహాలూ కనపడేట్టు నిలబడింది.

"చెప్పేశావా?" అని మొగుణ్ణి అడిగింది. "నా చెవుల సంగతి నాకు తెలీదనుకున్నారా ఇద్దరూ? రోజూ పొద్దున్నే లేవగానే ముందు అవే చూసుకుంటాను. ఇవాళ కుళాయి వినపడిందా, ఇవాళ గడియారం వినపడిందా అని. నువ్వు, నీకు నా మొహాన చెప్పే దమ్ము లేక, నోరు లేని ఇంజను మీద అబద్ధం పెడతావా? దాన్ని చంపి నన్ను దింపుదామనుకున్నావా? తుక్కాయన్ని పిలిచావు. నన్ను కూడా తూకం వేయించకపోయావా!"

"ఒట్టు పెట్టావు కదే..."

"పెట్టాను! వాడికి చెప్పొద్దని పెట్టాను, నాతో మాట్లాడొద్దని పెట్టానా?"

సరిగ్గా అప్పుడు తుక్కాయన వచ్చాడు. చెవి మీద పెన్సిలు, మొహాన పెళ్లివారి నవ్వు. "బండి ఇదేనాండీ? ఇస్తున్నట్టేనా?"

"ఫో!" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో. తుక్కాయన పెన్సిలు కూడా వదిలేసి పోయాడు.

మేస్త్రీ కింద పడి ఉన్న చువ్వ తీశాడు. నడుం వంగిన ముసలాయనలా మధ్యకి వంగిపోయి ఉంది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని చూస్తుంటే ఎందుకో పాతది ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్క చెవిలో దూది పెట్టుకుని బడికెళ్లేది. ఎప్పుడూ చెవి కారేది. దూది తీసేసినా కారేది. తర్వాత తర్వాత ఆ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు.

"అక్కా, ముందు శబ్దం చెయ్" అన్నాడు, ఆమె ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేట్టు. "నీ బండి ఎలా మోగిందో చేసి చూపించు."

ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. పొద్దున్న అడగకుండా వదిలేసిన ప్రశ్న అది. అప్పుడే అడిగి ఉంటే భుజం మిగిలేది.

"దా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఆమె విదిలించుకుంది. మళ్లీ పట్టుకున్నాడు. ఇంజను స్టార్టు చేశాడు. వంకర చువ్వ ఇనుప కొసని హెడ్డుకి ఆనించి, పిడిని అక్క చెవి వెనక ఎముకకి గట్టిగా నొక్కాడు.

అక్క తిట్టబోయి ఆగిపోయింది.

కళ్లు పెద్దవయ్యాయి. తల కదపకుండా, ఊపిరి కూడా సరిగ్గా తీయకుండా నిలబడింది. పిడి మీద తమ్ముడి చేతిని తోసేసి తనే పట్టుకుంది. చువ్వని ఒక్కొక్క చోటికి జరిపి వింది. బావ దగ్గరికి రాబోతే ఆగమని చెయ్యి చూపించింది.

"వినపడుతోందా?" అన్నాడు మేస్త్రీ.

"నోర్ముయ్, విననీ."

మేస్త్రీ బావ వైపు తిరిగాడు. కోపంగానే చెప్పాడు, వేరే గొంతు అతని దగ్గర లేదు మరి. "లోపలి మిషను బాగానే ఉంది బావా. ఎముక గుండా పంపితే తీసుకుంటోంది. బయటినుంచి వెళ్లే దారే ఎక్కడో చెడింది. బేరింగు పోలేదు, ప్యాకింగు పోయింది. చెవి డాక్టరు దగ్గరికి ఒక్కసారైనా తీసుకెళ్లావా?"

"వస్తేగా!"

"ఎత్తుకుని తీసుకెళ్లు! వ్యాను తుక్కులో వెయ్యడానికి ఉన్న ఓపిక దీనికి లేదా?"

అక్క చువ్వ దించి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "బాగుచేశానని గుండెలు బాదుకున్నావు కదరా. మరి ఇదేంటి?"

"ఏది?"

"టిక్... టిక్... టిక్..." అని నోటితో చేసింది. స్పష్టంగా, సమంగా, ఎక్కడా తొట్రుపడకుండా చేసింది. "మూడో దాని దగ్గర. మిగతావి ఇలా లేవు."

"ఏడిశావు" అంటూ మేస్త్రీ చువ్వ లాక్కుని తన చెవికి నొక్కుకున్నాడు. వాల్వుని తట్టే మూడో టాపెట్టు వదులై కొడుతోంది. నిజమే. పొగ చప్పుడు కింద దాక్కుని, అది పోయాక ఒంటరిగా దొరికిపోయింది. తను వినాల్సింది. వినలేదు.

పళ్లు పటపటా కొరికి, ఇంజను ఆపి, తాళం పీకి, గోడకున్న మేకుకి తగిలించాడు.

"తాళమివ్వు" అంది అక్క.

"టాపెట్టు సరిచెయ్యాలి."

"ఎంతసేపు?"

"నువ్వు డాక్టరుకి చూపించుకుని వచ్చేంతసేపు."

"దొంగవెధవా! అది నా బండి!"

"నీ బండే. తుక్కాయన వచ్చినా ఇవ్వను, నువ్వొచ్చినా ఇవ్వను. డాక్టరు చూసి ఏదో ఒకటి చెప్పాక రా. నడపొచ్చంటే నేనే కడిగి ఇస్తాను. కూడదంటే మీ ఆయనకి కళ్లు తెరిచి బ్రేకు తొక్కడం నేర్పుతాను, ఇద్దరం కలిసి చద్దాం."

అక్క మేకు వైపు ఒకసారి, తమ్ముడి భుజం మీద చిరిగిన చొక్కా వైపు ఒకసారి చూసింది. కొంగు బిగించి రోడ్డెక్కింది. బావ వెనకే పరుగెత్తాడు. వెనకనుంచి ఏదో చెప్పాడు, ఆమె ఆగలేదు. అప్పుడతను ముందుకి ఉరికి, ఆమె వైపు తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ మాట్లాడటం మొదలెట్టాడు. ఆమె అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. అతను స్తంభానికి గుద్దుకోబోతుంటే మాత్రం చొక్కా పట్టుకుని పక్కకి లాగి, మళ్లీ తిట్టసాగింది.

మేస్త్రీ టాపెట్ల మూత బోల్టులకి పానా పెట్టాడు. ఇంజను ఇంకా కాలుతోంది, ఇప్పుడే విప్పకూడదు. అది తెలిసి కూడా పెట్టి, వేళ్లు చురుక్కుమంటే తనని తనే ఒక బూతు తిట్టుకుని, స్టూలు మీద కూలబడ్డాడు. వాళ్లు మలుపు తిరిగి కనపడకుండా పోయినా, అక్క గొంతు ఇంకా వినపడుతూనే ఉంది.